అంగలకుదురులో అయిదు క్లిక్కులు!

మా సినిమా వాళ్ళకి తెనాలి అంటే పుట్టిల్లు లెక్క. ‘విజయా’ చక్రపాణి గారిది తెనాలి. కళావాచస్పతి జగ్గయ్య గారిది ఆ పక్కనే మోరంపూడి. కృష్ణ గారిది బుర్రిపాలెం. శారద గారు పుట్టిందీ తెనాలిలోనే. అంచేత ‘తెనాలి వెళ్ళొచ్చాను’ అని నేనెవరితో అన్నా, ‘ఎవరి ఇంటర్వ్యూ కోసం?’ అని అడుగుతారే గాని, ‘అక్కడేం చూశావు?’ అని అడగరు.

ఈసారి నేను వెళ్ళింది ఏ తార కోసమూ కాదు. ఒక గుమ్మం కోసం!

నవ్వకండి. ముప్పయ్యేళ్ళపాటు సినిమాలకి స్టిల్స్ తీసిన వాణ్ణి. హీరోలని తీశాను, హీరోయిన్లని తీశాను, విలన్ల కోరమీసాలు క్లోజప్‌లో తీశాను. కాని ఒక పాత పెంకుటింటి గుమ్మం నన్ను మూడు రోజులపాటు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆ కథే ఇది.

ఫోను వచ్చింది

తెనాలి నించి గుంటూరు వెళ్ళే దారిలో, ఊరు దాటీ దాటకుండానే అంగలకుదురు వస్తుంది. ఆటో ఎక్కి రెండు మాటలు మాట్లాడుకునే లోపల దిగిపోవచ్చు. మా మేనత్త అత్తవారి ఊరది. చిన్నప్పుడు మా సెలవులన్నీ అక్కడే గడిచాయి. తూర్పు ముఖం ఇల్లు. ముందు అరుగు, ఆ వెనక గుమ్మం, లోపల పొడుగాటి చావిడి. చావిట్లో కూచుని చూస్తే గుమ్మంలోంచి ఎదురుగా చేను. వానాకాలం వరి, అది కోశాక మినుము. చేనుకి ఆవల గట్టుమీద వరసగా తాడిచెట్లు. అంతే. అంతకు మించి అక్కడేమీ లేదు. కొండా లేదు, కోనా లేదు. డెల్టా అంటే అంతేగా మరి! భూమి బల్లపరుపుగా వుంటుంది, ఆకాశం దాని మీద బోర్లించిన మూకుడులా వుంటుంది.

డిసెంబరు చివర అత్తయ్య ఫోను చేసింది.

“ఒరే అబ్బాయ్, సంక్రాంతి వెళ్ళాక ఎదురు చేను రిజిస్ట్రేషనంటరా. మీ బావ మాటిచ్చేశాడు. ప్లాట్లు చేస్తారంట.”

ఏమనాలో నాకు తోచలేదు. ఆవిడే మళ్ళీ అంది.

“ఊళ్ళో వాళ్ళందరికీ బొమ్మలు తీశావు గదా. నా గుమ్మంలోంచి కనపడే చేను బొమ్మ ఒకటి తీసిపెట్టరాదూ? రేపు అక్కడ గోడలు లేచాక చూసుకుంటాను.”

“ఓస్, అంతేనా అత్తయ్యా!” అన్నాను.

ఆ ‘ఓస్’ అన్నందుకే నాకు శాస్తి జరిగింది.

గుమ్మంలో గొడవ

జనవరి మొదటి వారంలో వెళ్ళాను. అత్తయ్యకి ఎనభై రెండేళ్ళు. కుడికంటికి శుక్లం తీయించుకుని నెల తిరిగింది. ఎడమకంటికి ఇంకా చేయించాలి. కాఫీ తాగి, చావిట్లో ఆవిడ రోజూ కూచునే కుర్చీ పక్కన నిలబడి కెమెరా ఎత్తాను. మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దు ఇంటి వెనక్కి వాలి, ఎదురుగా మినపచేను మీద ఎండ పచ్చగా పడుతోంది. క్లిక్!

చూసుకుంటే చావిడి బాగా వచ్చింది. దూలాలు, గోడకి మావయ్య ఫోటో, నిలువు గడియారం అన్నీ వున్నాయి. గుమ్మంలో మాత్రం చేను లేదు! తెల్లటి పంచె ఆరేసినట్టు ఒక వెలుగు ముద్ద వుంది.

సరేనని చేనుకి సరిపడా వెలుగు తగ్గించి మళ్ళీ తీశాను. ఈసారి చేను వచ్చింది, తాడిచెట్లు వచ్చాయి, ఆకాశంలో మబ్బుతునక కూడా వచ్చింది. చావిడి మాత్రం తారు పూసినట్టు నల్లగా మాయమైపోయింది.

ఫ్లాష్ వేసి చూశాను. చావిడి పోలీసు స్టేషనులో తీసిన ఫోటోలా వచ్చింది. అత్తయ్య చూసి, “ఇది మనిల్లేనా?” అంది.

పాఠకులకి ఇక్కడ చిన్న పాఠం చెప్పక తప్పదు. కంటికి రెండూ కనపడుతుంటే కెమెరాకి ఎందుకు కనపడవు? ఎందుకంటే కన్ను ఒక్క చూపులో చూడదు, తడుముకుంటూ చూస్తుంది. గది వేపు తిరిగితే కనుపాప విచ్చుకుంటుంది, చేను వేపు తిరిగితే ముడుచుకుంటుంది. ఆ ముక్కలన్నీ మెదడు కుట్టి, ఒకే దృశ్యంగా మనకి చూపెడుతుంది. కెమెరాకి అంత తీరిక లేదు. అది ఒక్కసారే కన్ను తెరుస్తుంది, ఒక్కసారే మూస్తుంది.

మా భాషలో వెలుగుని ‘స్టాపు’ల్లో కొలుస్తాం. ఒక స్టాపు పెరిగిందంటే వెలుగు రెట్టింపు అయిందని అర్థం. ఆ రోజు మీటరు పెట్టి చూస్తే అత్తయ్య చావిడికీ, బయట చేనుకీ మధ్య ఎనిమిది స్టాపుల తేడా వుంది. ఎనిమిదే గదా అనుకునేరు! ఒకటిని రెండుతో ఎనిమిది మార్లు హెచ్చవేయండి. 256 రెట్లు! అదీ సగటు లెక్క మాత్రమే. దూలం సందులో చీకటికీ, మబ్బు అంచు మీద మెరుపుకీ మధ్య తేడా లెక్క వేస్తే ఇంకా ఎంతో ఎక్కువ.

ఇవాళ్టి మంచి డిజిటల్ కెమెరాలు పద్నాలుగు స్టాపుల దాకా పడతాయి. కాని పట్టినంత మాత్రాన సరిపోదు. నీడల్లో పట్టిందంతా ఇసక చల్లినట్టు రవ్వరవ్వగా వస్తుంది. చీకటి మూలని లాగి వెలుగులోకి తెస్తే ఆ ఇసకే పైకి తేలుతుంది.

ఔట్‌డోర్ షూటింగులు చూసిన వాళ్ళకి తెలిసే వుంటుంది. హీరోయిన్ చెట్టు నీడలో నిలబడితే, వెండి కాగితం అంటించిన పెద్ద పెద్ద రిఫ్లెక్టర్లు పట్టుకుని కుర్రాళ్ళు ఎండలో నిలబడతారు. అదంతా ఈ గొడవ కోసమే. మొహానికీ ఆకాశానికీ మధ్య వున్న తేడా తగ్గించడం కోసం. పాపం, ఆ మెరుపుకి హీరోయిన్ కళ్ళు చికిలిస్తుంది, డైరెక్టరు ‘కట్’ అంటాడు!

ఇక్కడ నాకు రిఫ్లెక్టర్లూ లేవు, పట్టే కుర్రాళ్ళూ లేరు. ఉన్నా అత్తయ్య ఒప్పుకోదు.

బార్ట్‌లే గారి వెన్నెల

వెలుగుని ఉన్నదున్నట్టు తీయడం వేరు, ఉన్నట్టు అనిపించేలా తీయడం వేరు. ఈ తేడా తెలిసిన వాళ్ళలో మార్కస్ బార్ట్‌లే గారిని మించినవారు మన సినిమాల్లో తక్కువ. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో నౌకా విహారం పాట గుర్తుందిగా? నీళ్ళ మీద ఆ వెన్నెల చూసి మూడు తరాల వాళ్ళు మురిసిపోయారు. అది చంద్రుడిచ్చిన వెన్నెల కాదు! బార్ట్‌లే గారు లైట్లతో, కెమెరాతో చేసి ఇచ్చిన వెన్నెల. నిజం వెన్నెల్లో తీస్తే ఆ రోజుల ఫిలిం మీద ఏమీ పడేది కాదు. ఆ అబద్ధపు వెన్నెలే మనకి నిజమైన వెన్నెలయింది. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లలో చక్రపాణి గారిది ఈ తెనాలే గదా అనుకుంటూ ఆ రాత్రి అరుగు మీద పడుకున్నాను.

ఒక ఉపాయం తట్టింది. తట్టడమేమిటి, పాత ఉపాయమే. ఒకే దృశ్యాన్ని ఒకటి తక్కువ వెలుగులో, ఒకటి మామూలుగా, ఒకటి ఎక్కువ వెలుగులో విడివిడిగా తీయడం. తర్వాత కంప్యూటరులో పెట్టి, దేంట్లో ఏ భాగం బాగుందో అది తీసుకుని ఒకటిగా కలపడం. దీన్నే ఇంగ్లీషు వాళ్ళు హై డైనమిక్ రేంజ్ అన్నారు, పొట్టిగా హెచ్‌డీఆర్. మన భాషలో చెప్పాలంటే, కన్ను చేసే కుట్టుపని కంప్యూటరు చేత చేయించడమన్న మాట.

మా మేనల్లుడు, అంటే బావ కొడుకు, ఇది విని పకపకా నవ్వాడు. “మావయ్యా, నువ్వింకా అక్కడే వున్నావా? ఫోన్లో ఒక్క నొక్కు!” అన్నాడు.

వాడన్నదీ నిజమే. ఐఫోనులో 2010లోనే ఈ సదుపాయం వచ్చింది. ఇవాళ చేతిలో వున్న చాలా ఫోన్లు మనం ఒక్కసారి నొక్కితే మనకి తెలియకుండా పలు ఫోటోలు గబగబా తీసి కలిపేస్తాయి. వాడు తీసి చూపెట్టాడు గూడా. చావిడి వుంది, చేనూ వుంది. కాని ఏదో వెలితి. ఏమిటో నాకూ తెలియలేదు. అత్తయ్య ఆ ఫోను పట్టుకుని కాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది.

పొగమంచులో మూడు కొంగలు

రెండో రోజు తెల్లవారుజామునే లేచి, చెయ్యి అలవాటు పడాలని, పంటకాలవ గట్టు మీదికి వెళ్ళాను. ధనుర్మాసం. గుళ్ళో పాట వినపడుతోంది. చేల మీద పొగమంచు నడుము ఎత్తున నిలిచింది. తాడిచెట్ల తలలే కనపడుతున్నాయి, మొదళ్ళు లేవు.

ట్రైపాడ్ వేసుకున్నాను. ఈ పనికి ట్రైపాడ్ తప్పనిసరి. మూడు ఫోటోలూ ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు పడాలి. లెన్సు ద్వారం ఎంత తెరిచామో దాన్ని కదపకూడదు. అది మారితే ఏది స్పష్టంగా, ఏది మసకగా పడుతుందో అదీ మారిపోతుంది. మార్చవలసింది షట్టరు తెరిచి వుంచే సమయం ఒక్కటే. ఫోకస్ ఒకసారి కుదిర్చి తాళం వేసేయాలి. రంగుల లెక్కనీ కెమెరా ఇష్టానికి వదలకూడదు. లేకపోతే ఒక ఫోటో పసుపుగా, ఒకటి నీలంగా వచ్చి, కలిపినప్పుడు మొగుడూ పెళ్ళాల పోట్లాటలా వుంటుంది. ఫైళ్ళు ‘రా’ ఫైళ్ళుగానే దాచుకోవాలి. చేత్తో నొక్కితే కెమెరా అదురుతుంది గనక టైమరు పెట్టి పక్కకి జరగాలి.

అన్నీ శాస్త్రోక్తంగా చేశాను. సూర్యుడు మంచులోంచి పచ్చి ఉల్లిపాయలా ఎర్రగా పైకి వచ్చాడు. రెండు స్టాపులు తక్కువ, మామూలు, రెండు స్టాపులు ఎక్కువ. క్లిక్, క్లిక్, క్లిక్!

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో కలిపితే మంచు దివ్యంగా వచ్చింది. సూర్యుడి చుట్టూ వెలుగు పొరలు పొరలుగా వచ్చింది. కాని చేలో ఒకే కొంగ మూడు చోట్ల వుంది! అది ఎగురుతూ పోతుంటే మూడు ఫోటోల్లోనూ మూడు చోట్ల పడింది. ఒకటి గట్టిగా, రెండు దయ్యాల్లా వెలిసిపోయి. మా వాళ్ళు దీన్ని ‘ఘోస్ట్’ అనే అంటారు. తాడాకులూ అంతే. గాలికి ఊగి, ఒక్కొక్క ఆకూ మూడు ఆకులయింది.

దీనికీ మందుంది. కదిలిన చోట మాత్రం ఒకే ఫోటో తీసుకుని, మిగతా రెంటినీ పక్కన పెట్టమని సాఫ్ట్‌వేరుకి చెప్పొచ్చు. చెప్పాను. రెండు కొంగలు పోయాయి. మేనల్లుడు మాత్రం “మూడే బాగున్నాయి మావయ్యా” అన్నాడు.

సూర్యలంక దాకా

ఇలా కాదని మరునాడు తెల్లారకముందే బయల్దేరి తెనాలి నించి బాపట్ల వెళ్ళాను. అక్కణ్ణించి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. చిన్నప్పుడు మాకిదంతా గుంటూరు జిల్లాయే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల వేరే జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. సముద్రానికి ఈ లెక్కలేవీ తెలియవు. ఎప్పటిలాగే ఒడ్డుకొచ్చి పోతోంది.

నేనంత దూరం పోయిందెందుకంటే, ఈ విద్య పుట్టింది సముద్రం దగ్గరే. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే అని ఒక ఫోటోగ్రాఫరుండేవాడు. 1850 దశకంలో అతను సముద్రాన్ని తీయాలనుకున్నాడు. ఆనాటి గాజు నెగటివుల మీద పూసే రసాయనం నీలి వెలుగుకే ఎక్కువ చలించేది. అంచేత నీళ్ళు సరిగా వచ్చే వేళకి ఆకాశం తెల్లబోయేది, మబ్బులుండేవి కావు. ఆయనేం చేశాడంటే, సముద్రానికి ఒక నెగటివు, ఆకాశానికి ఒక నెగటివు తీసి, దిగంతం దగ్గర అతికి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. మబ్బులూ అలలూ ఒకే బొమ్మలో చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. మన దేశంలో సిపాయిల తిరుగుబాటు జరుగుతున్న రోజుల మాట!

తర్వాత 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు నలుపు నించి తెలుపు దాకా వున్న మెట్లని లెక్క కట్టి, ‘జోన్ సిస్టం’ అని ఒక పద్ధతి పెట్టారు. ఏ వస్తువు ఏ మెట్టు మీద పడాలో ఫోటో తీయకముందే మనసులో నిర్ణయించుకోవాలన్నది దాని సారం. 1997లో కాలిఫోర్నియాలో పాల్ డెబవెక్, జితేంద్ర మాలిక్ కలిసి, వేరు వేరు ఎక్స్‌పోజర్ల ఫోటోల్లోంచి అసలు దృశ్యంలో వెలుగు ఎక్కడెంతుందో తిరిగి రాబట్టే లెక్క ప్రకటించారు. ఈ మాలిక్ గారు మన కాన్పూరు ఐఐటీలో చదివినాయనే.

దీనికీ సినిమాకీ ఏమిటి సంబంధం అంటారా? చాలా వుంది. ఇవాళ గ్రాఫిక్స్ సినిమా సెట్లో షాటు అయిపోగానే ఒకతను అద్దంలా మెరిసే గుండు ఒకటి తెచ్చి నిలబెట్టి, దాన్ని వేరు వేరు ఎక్స్‌పోజర్లలో ఫోటోలు తీయడం మీరు చూసే వుంటారు. సెట్లో ఏ మూల నించి ఎంత వెలుగు వస్తోందో ఆ గుండు మీద పడుతుంది. ఆ లెక్క పట్టుకునే, కంప్యూటరులో పుట్టిన ఏనుగు మీద, పులి మీద, ఆ సెట్లోని వెలుగే పడేట్టు చేస్తారు. అందుకే పులి అక్కడే వున్నట్టు నమ్ముతాం. అత్తయ్య గుమ్మానికి పనికొచ్చే విద్యే అక్కడ పులికీ పనికొస్తోంది.

సూర్యలంకలో నా ప్రయోగం మాత్రం కొంతే ఫలించింది. అల ఒకసారి వున్నట్టు ఇంకోసారి వుండదు. మూడు ఫోటోలు కలిపితే నీళ్ళు కాస్తా పెరుగు చిలికినట్టు అయ్యాయి. చివరికి నేనూ ల గ్రే బాటే పట్టాను. నీళ్ళకి ఒకటి, ఆకాశానికి ఒకటి. నూట డెబ్భయి ఏళ్ళ నాటి పద్ధతే దారి చూపింది!

అత్తయ్య తీర్పు

మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి చేరి, మళ్ళీ మూడు గంటలకి చావిట్లో ట్రైపాడ్ వేశాను. అయిదు ఫోటోలు తీశాను. సాయంత్రం కూచుని కలిపాను. నా విద్యంతా చూపించాలన్న ఉత్సాహం కొద్దీ, వున్న మీటలన్నీ కుడివేపుకి తిప్పాను. ఆహా! దూలాల మీద సాలెగూడు కనపడింది. గోడ మీద పెచ్చులు కనపడ్డాయి. చేనులో ప్రతి ఆకూ కోసినట్టు కనపడింది. ఆకాశం ముదురు నీలం. తాడిచెట్ల చుట్టూ సన్నటి తెల్ల అంచు, దేవుడి పటంలో తలవెనక చక్రంలాగా.

అత్తయ్యకి చూపించాను. ఆవిడ ఎడమకన్ను మూసి కుడికంటితో చూసింది. కుడికన్ను మూసి ఎడమకంటితో చూసింది. తర్వాత నావేపు చూసింది.

“ఇదేందిరా, మన చావిట్లో ఇంత వెలుగెక్కడిది?”

“అదే అత్తయ్యా టెక్నిక్కు! చీకట్లో వున్నవన్నీ కనపడతాయి.”

“ఎందుకు కనపడాలి? మీ మావయ్య ఈ ఇల్లు కట్టిందే చీకటిగా కట్టాడు, చల్లగా వుంటుందని. అరవయ్యేళ్ళ బట్టి నేనీ చీకట్లో కూచుని చూశాను గనకే ఆ చేను అంత పచ్చగా వుండేది. నువ్వు చావిడి వెలిగించి చేనుని మామూలు చేశావు.”

నోట మాట రాలేదు. ఫోను ఫోటోలో ఏదో వెలితి అనిపించింది చూడండి, ఆ వెలితి ఇదే! చీకటి లేకపోవడమే. ముప్పయ్యేళ్ళు వెలుగుతో వ్యాపారం చేసిన వాణ్ణి, నాకు తట్టలేదు. హెచ్‌డీఆర్ అంటే చీకటిని తరిమెయ్యడం అనుకున్నాను. కాదు. ఎంత చీకటి మిగల్చాలో నిర్ణయించుకునే హక్కు మన చేతికి రావడం. అంతే. ఆడమ్స్ గారి మెట్ల లెక్క కూడా ఇదేగా చెప్పింది!

“ఇంకోటి అడుగుతా చెప్పు,” అంది ఆవిడ. “చేను అసలు రంగేదిరా? ఆపరేషనైన కంటికి నీలం కలిసినట్టుంటుంది. ఈ కంటికి పసుపు కలిసినట్టుంటుంది. ఏది నిజం?”

శుక్లం పట్టిన కంటిలో కటకం పసుపుబారుతుంది. అది తీసి కొత్త కటకం పెడితే ఇన్నాళ్ళూ అడ్డుకున్న నీలం లోపలికి వస్తుంది. అదంతా ఆవిడకి చెప్పాను. శాస్త్రం ప్రకారం కొత్త కన్నే నిజానికి దగ్గర.

“అయితే ఇన్నేళ్ళూ నేను చూసింది అబద్ధమా?” అంది నవ్వుతూ.

దానికి నా దగ్గర జవాబు లేదు. ‘మాయాబజార్’ వెన్నెల గుర్తొచ్చి ఊరుకున్నాను.

అయిదు క్లిక్కులు

మరునాడు నా రైలు రాత్రికి. మధ్యాహ్నం మూడున్నరకి ఆఖరిసారి కెమెరా పెట్టాను. ఈసారి ఒక మార్పు చేశాను. “అత్తయ్యా, నువ్వెళ్ళి గడప పక్కన కూచో, చేను వేపు తిరిగి” అన్నాను.

“నన్నెందుకురా, చేను తియ్యమన్నాను గాని!”

“చూసేవాళ్ళు లేకపోతే చేనెందుకు అత్తయ్యా?”

గొణుక్కుంటూ వెళ్ళి, గుమ్మానికి చేరగిలబడి కూచుంది. చేనుకి సరిపడేది సెకనులో 250వ వంతు. అక్కణ్ణించి 60వ వంతు, 15వ వంతు, నాలుగో వంతు, చివరికి చావిడికి సరిపడేది ఒక పూర్తి సెకను. రెండేసి స్టాపుల చొప్పున అయిదు ఫోటోలు, మొత్తం ఎనిమిది స్టాపులు. మనిషి కదిలితే కొంగ గతే పడుతుంది!

“అత్తయ్యా, అయిదు క్లిక్కులు వినపడేదాకా కదలకు. ఊపిరి కూడా మెల్లగా.”

“మా పెళ్ళప్పుడు తెనాలి స్టూడియోలో కూడా ఇట్టాగే అన్నాడురా ఫోటోగ్రాఫరు. ఆ గుడ్డ కప్పుకున్నతను.”

“మాట్లాడకు మరి!”

క్లిక్. క్లిక్. క్లిక్. క్లిక్. ఆఖరుది... తెరుచుకుంది... ఒక సెకను. ఆ ఒక్క సెకనూ చావిట్లో గడియారం చప్పుడు తప్ప మరేదీ లేదు. మూసుకుంది.

ఆవిడ అంగుళం కదలలేదు. గాలి కూడా ఆగింది కాబోలు, తాడాకులు కూడా కదలలేదు.

ఈసారి మీటలు సగం కూడా తిప్పలేదు. చేను దాని ఎండతో అది వుంది. ఆకాశంలో మబ్బు వుందంటే వుంది. చావిట్లో చీకటిని చీకటిగానే వుంచాను. గడియారం అద్దం మీద ఒక చుక్క మెరుపు, దూలం అంచు ఒక గీత, అత్తయ్య భుజం మీద, జుట్టు మీద గుమ్మంలోంచి వచ్చిన సన్నటి వెలుగు. మిగతాది చూసేవాడు ఊహించుకోవలసిందే. రంగు దగ్గర కాసేపు ఆలోచించి, పసుపు ఒక్క పిసరు ఎక్కువే వేశాను. శాస్త్రం నన్ను క్షమించు గాక!

తెనాలి వెళ్ళి ఒక లాబులో పెద్ద సైజు ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి పొద్దుగూకే వేళకి తిరిగొచ్చాను. బావ అరుగు మీద కూచున్నాడు. ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. “ఈ గట్టు మీదే గదరా మనం పరిగెత్తింది” అన్నాడు. ఇంకేమీ అనలేదు. అతన్ని తప్పు పట్టడానికి నాకూ మనసు రాలేదు. ఇద్దరు పిల్లల చదువులు, తలకెత్తుకున్న అప్పులు, మినుములు అమ్మితే వచ్చే డబ్బులు. ఆ లెక్కలో ఎన్ని స్టాపుల తేడా వుందో అతనికే తెలుసు. దాన్ని కలిపే సాఫ్ట్‌వేరు ఎవరూ కనిపెట్టలేదు.

అత్తయ్య ఫోటోని రెండు కళ్ళతోనూ చూసింది. ఏ కన్నూ మూయలేదు.

“ఇదీ,” అంది.

“గుమ్మానికి ఎదురుగా తగిలించమంటావా?” అన్నాను, మేకు పట్టుకుని.

“అక్కడెందుకురా? అక్కడ అసలుది ఇంకో పదిరోజులుంటుందిగా. వంటింట్లో పెట్టు. అక్కణ్ణించే నాకెప్పుడూ చేను కనపడేది కాదు.”

వంటింట్లో, పొయ్యికి ఎదురుగోడకి తగిలించి వచ్చాను.

మీ ఊళ్ళోనూ ఇలాంటి గుమ్మం ఒకటి వుండే వుంటుంది. సంక్రాంతికి వెళ్తారుగా! ఫోనుంటే ఫోను, కెమెరా వుంటే కెమెరా. కదలకుండా పట్టుకోండి, మీటలు మరీ తిప్పకండి. కాస్త చీకటి మిగల్చండి.